కిరాయి పిల్ల పొంగించిన పాలు

కొత్త ఇంట్లో పాలు పొంగించకుండా అన్నం వండకూడదని మా అమ్మ నాకు ఎక్కాలు నేర్పినట్టే నేర్పింది. ఆమె దృష్టిలో ఆ రెండింటికీ తేడా లేదు. చిన్నప్పుడు నాకు ఆయాసం ఎక్కువ. బడికి పంపితే మధ్యాహ్నంలోపే ఎవరో ఒకరు ఎత్తుకొని ఇంటికి తెచ్చేవారట. దాంతో పదో తరగతి దాకా చదివిన మా అమ్మ పొయ్యి ముందే నాకు బడి పెట్టింది. లెక్కలు బియ్యం కొలతలతో, తెలుగు వ్రతకథలతో, భూగోళం వాస్తుతో చెప్పింది. ఆస్ట్రేలియా ఎక్కడుందో తెలియకముందే నాకు ఆగ్నేయం ఎక్కడుందో తెలుసు.

ఆమె పెట్టిన పాఠం ఇంకొకటి ఉంది. పొద్దుగూకాక దీపం ముందు కూర్చొని, ఆ రోజు జరిగిన మంచి ఒకటి దేవుడికి చెప్పి దండం పెట్టుకోవాలి. ఏమీ జరగకపోతే వెతకాలి. వెతికితే దొరకని రోజు ఉండదంటుంది అమ్మ. డిగ్రీ మొదటి సంవత్సరంలో నేను చాలా వెతికాను.

ఓపెన్ స్కూల్లో పది, ఇంటర్ రాశాక, అమ్మ వర్గల్ సరస్వతమ్మకు మొక్కిన మొక్కు ఫలించి నాకు సిద్దిపేటలో డిగ్రీ సీటు వచ్చింది. మా ఊరు బెజ్జంకి అవతల. పొద్దున క్లాసుకు అందే బస్సు లేదు. కాలేజీ హాస్టల్లో జాగ లేదు. అప్పటిదాకా మా ఇంటి కప్పు కింద తప్ప ఎక్కడా పడుకొని ఎరగని నేను కిరాయి గదుల లోకంలో పడ్డాను.

మొదటిది బస్టాండు వెనక ఆడపిల్లల ప్రైవేటు హాస్టల్. అక్కడ వంట చేయకూడదు. కానీ పాలు పొంగించకుండా ఎట్లా? నీళ్లు కాచుకునే కరెంటు కెటిల్ ఉంటే అందులో పాలు పోశాను. అది మరుగు రాగానే తనంతట తాను ఆగిపోయే రకం. పొంగేదాకా ఆగకుండా మీట నొక్కి పట్టుకున్నాను. పాలు పొంగాయి. వాటితోపాటు ఆ అంతస్తు కరెంటు కూడా పోయింది. చీకట్లో హాస్టల్ ఆమె గొంతు వినబడింది. "పాలు పొంగియ్యనీకి గిదేమన్న నీ అత్తగారిల్లా?" ఎవరికీ షాక్ కొట్టలేదని ఆ సాయంత్రం దేవుడికి చెప్పుకొన్నాను.

రెండోది ఒక ఫంక్షన్ హాలు వెనక గది. లగ్గాల రోజుల్లో అక్కడ బ్యాండు చప్పుడుకు గిన్నెల మీద మూతలు ఎగిరేవి. మంచి ఏమిటంటే, తలంబ్రాల వేళ పంతులు మంత్రాలు మైకులో వచ్చేవి. నేను పుస్తకం పక్కన పెట్టి, కిటికీలోంచి ఆ గోడ వైపు నాలుగు అక్షింతలు వేసేదాన్ని. ముఖం చూడని జంటలను ఎందరిని దీవించానో! చివరికి వంటవాళ్లు గుండిగలు పెట్టుకోవడానికి ఆ గది అడిగితే ఓనరు వాళ్లకే ఇచ్చాడు. మూడో గది వాళ్లు చాలా మంచివాళ్లు. అయితే వాళ్ల కొడుక్కి సంబంధం కుదిరి, కొత్త కోడలికి ఆ గది కావలసి వచ్చింది. నన్ను ఖాళీ చేయించి, పెళ్లికి తప్పకుండా రమ్మన్నారు. వెళ్లాను కూడా. పెళ్లి అదే ఫంక్షన్ హాల్లో. ఈసారి లోపలినుంచి అక్షింతలు వేశాను.

ఖాళీ చేసినప్పుడల్లా సామాను మోయడానికి మా బాపు ట్రాలీ ఆటో మాట్లాడుకొని రావాలి. బాపు తాళ్లెక్కే మనిషి. ఒక పూట చెట్టు ఎక్కకపోతే ఆ పూట కల్లు కాకులపాలు. మూడోసారి నా ట్రంకు పెట్టె తాడుతో బిగిస్తూ, కోపం లేకుండానే అన్నాడు.

"బిడ్డా, ఇగ గిదే ఆఖరు. ఈసారి గిట్ల గది పోయిందనుకో, సామానుతోని నువ్వు గూడ ట్రాలీ ఎక్కుతవ్. మీ అమ్మ ఇన్నేండ్లు ఇంట్లనే చెప్పలేదా? గట్లనే ఇంట్ల కూసోని రాసుకుందువు."

నేను చదివేది ప్రయోగాలున్న చదువు. మా ఇంట్లో పొయ్యి ఉంది కానీ ప్రయోగశాల లేదు. ఆ మాట బాపుతో అనలేదు. దేవుడితో అన్నాను.

సామాను ఒక క్లాసుమేటు గదిలో దించి, నాలుగో గది కోసం టు-లెట్ బోర్డులు చూసుకుంటూ గల్లీలన్నీ తిరిగాను. "నీసు కూరలు వండుతవా? ఫోన్ల మస్తు మాట్లాడ్తవా? తలకు ఎన్నిసార్లు పోసుకుంటవ్?" ఇట్లా అడిగేవారు. తలస్నానం లెక్క విని ఒకామె "బోరు ఎండిపోతది" అని తలుపు వేసేసింది. ఆ పక్క గల్లీలోనే, గేటు ముందు మంచం మీద ఒక పెద్దమనిషి కూర్చొని ఉన్నాడు. రిటైరైన బస్సు కండక్టర్. బస్సు దిగి ఏళ్లయినా మాటతీరు దిగలేదు.

"ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే పెద్దనాయినా."

"సామాన్లు?"

"ఒక పెట్టె, చిన్న గ్యాస్ పొయ్యి, పుస్తకాలు, దేవుని పటాలు."

"పటాలకు టికెట్ లేదు. ఎక్కు."

ఆయన చెప్పిన కిరాయి మా బాపు మోయగలిగినంతే ఉంది. కింద పాత ఇల్లు, పైన కొత్తగా కట్టిన అంతస్తు. పైన ఒక హాలు, వంటిల్లు, దేవుడి గది. వెనక మూలకు విడిగా ఒక్క గది, అది నాకు. ఇంటామె బోనాలకు తల్లిగారి ఊరికి పోయింది. "నేను చెప్త తియ్" అని పై అంతస్తు తాళంచెవుల గుత్తి మొత్తం నా చేతిలో పెట్టాడు. పైకెళ్లి చూస్తే గుమ్మానికి ఎండిన మామిడి తోరణం వేలాడుతోంది. గృహప్రవేశం అయిపోయిందన్నమాట అనుకొన్నాను. అది ఉగాదినాడు కట్టిన తోరణమనీ, అసలు గృహప్రవేశం శ్రావణంలో పెట్టుకొన్నారనీ నాకు తెలియదు. ఆయనా చెప్పలేదు. దాచాడని కాదు, గోడకు రంగు పడితే ఇల్లు అయిపోయినట్టే ఆయన లెక్క.

మర్నాడు పొద్దున తలస్నానం చేసి పాలగిన్నె చేతిలో పట్టుకొని ఆలోచించాను. మూడు గదుల్లోనూ పాలు పొంగించాను. మూడూ నిలవలేదు. తప్పు ఎక్కడ జరిగింది? అమ్మ చెప్పిన భూగోళం గుర్తొచ్చింది. అగ్ని ఉండాల్సింది ఆగ్నేయంలో. ఆ మూడు చోట్లా నేను దిక్కు చూసుకోలేదు. ఇప్పుడు నాకిచ్చిన గదేమో వాయవ్యం. ఆగ్నేయంలో వంటిల్లు ఉంది, దాని తాళంచెవి నా చేతిలో ఉంది. దేవుడే ఇచ్చాడనుకొన్నాను.

నా పొయ్యి తీసుకెళ్లి ఆ వంటింటి కొత్త నల్లరాతి గట్టు మీద పెట్టాను. గడపకు పసుపు రాశాను, కుంకుమ పెట్టాను, పొయ్యి చుట్టూ ముగ్గు వేశాను. పాలు నిదానంగా కాగి, నురగ లేచి, చక్కగా తూర్పుకు పొంగాయి. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ పాలలోనే బియ్యం, బెల్లం, ఇలాచి వేసి పరమాన్నం వండి, దేవుడికి చూపించి, ఒక గిన్నె కింద పెద్దనాయినకు ఇచ్చాను. ఆయన రెండోసారి కూడా అడిగి పెట్టించుకొన్నాడు. "షుగర్ ఉన్నది గని, గోలి ఏసుకున్న తియ్" అన్నాడు.

ఆ మధ్యాహ్నమే ఇంటామె బోనం సంచితో ఆటో దిగింది. గేటు దగ్గరే ఆగి ముక్కు ఎగబీల్చింది.

"ఏంది, ఇలాచి వాసన?"

"పరమాన్నం. కిరాయి పిల్ల చేసింది. నీకు గూడ పెట్టింది," అన్నాడు పెద్దనాయిన.

"యే కిరాయి పిల్ల?"

ఆయన పైకి చూపించాడు. ఆమె మెట్లెక్కి వచ్చి, వంటింటి గడప చూసింది, ముగ్గు చూసింది, గట్టు మీద చారలు కట్టిన పాలు చూసింది. ఆ రోజు పొంగిన పాలు ఆ రోజు తుడవకూడదని అమ్మ చెప్పడంతో నేను తుడవలేదు.

"పాలు పొంగిచ్చినవా?" అని మెల్లగా అడిగింది.

"పొంగిచ్చిన పెద్దమ్మా. తూర్పుకే పొంగినయి," అన్నాను సంతోషంగా. ఆమె కూడా సంతోషిస్తుందనే అనుకొన్నాను.

ఆమె గడప మీద కూలబడింది. "ఓ నా తల్లో! నా ఇల్లు నేను సొచ్చకముందే కిరాయిది సొచ్చెనే! శ్రావణంల అనుకుంటిమి, చుట్టాలకు చెప్పుకుంటిమి, మా వదినెకు పట్టుచీర తెచ్చి పెట్టెల పెడితిమి. ఇంటి ఆడబిడ్డ పొంగియ్యాల్సిన పాలు నువ్వు పొంగిస్తవా? అండ్ల ఆషాఢంల!"

అప్పుడు నాకు తోరణం సంగతి అర్థమైంది. మా వైపు కొత్త ఇంట్లో మొదటి పాలు ఆ ఇంటి ఆడపడుచే పొంగిస్తుంది. అది ఆమె హక్కు. ఆ హక్కు నేను పొద్దున్నే, ముగ్గు వేసి మరీ తీసేసుకొన్నాను.

మెట్ల కింద నుంచి పెద్దనాయిన అన్నాడు. "తెలువక చేసింది పోనియ్. పాలే గదా!"

"పాలే గదానా? నువ్వు ముందు మూతి తుడుసుకో. పరమాన్నం అంటుకోని ఉన్నది." నా వైపు తిరిగింది. "పిల్లా, పొద్దుగూకే వరకు ఖాళీ చెయ్యి. మా వదినె వస్తే నన్ను బతకనియ్యది."

బాపుకు ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. అటునుంచి ఎవరితోనో "ట్రాలీ ఉన్నదా?" అనడం వినబడింది. పెట్టె సర్దడం మొదలుపెట్టాను. సర్దడంలో అప్పటికి నాకు మంచి నైపుణ్యం వచ్చింది. ప్రయోగాల పుస్తకం అన్నిటికంటే పైన పెట్టి, మళ్లీ తీసి అడుగున పెట్టాను. పైన ఉంటే చూడబుద్ధి కాలేదు. ఆ రోజు మంచి ఏమిటని వెతికితే, పాలు తూర్పుకు పొంగాయన్నది ఒక్కటే దొరికింది. కానీ ఆ మంచి నాది కాదాయె.

సాయంత్రం ఆమె వదినె వచ్చింది. పెద్దనాయినకు సొంత అక్క, కోమటిచెరువు వైపు ఉంటుంది. బోనాల ప్రసాదం కోసం వచ్చింది. మనిషికంటే ముందు గొంతు గేటు దాటింది. "ఏమే మరదలా, తల్లిగారింటి బోనం నాకు పంపబుద్ధి కాలేదా?" మధ్యాహ్నమంతా ఇల్లు ఎగిరిపోయేలా అరిచిన ఇంటామె ఆ గొంతు వినగానే సగానికి సగం తగ్గిపోయింది. నన్ను ముందుకు నెట్టి, "నువ్వే చెప్పు. నాతోని కాదు," అని నా వెనక నిలబడింది.

నేను చెప్పాను. మూడు గదుల సంగతి నుంచి, ఆగ్నేయం సంగతి దాకా. ఆమె ఆకువక్క నములుతూ విన్నది. ముఖంలో ఏమీ కనబడలేదు.

"యే దిక్కు పొంగినయి?"

"తూర్పుకు అత్తమ్మా."

"కండ్లార చూసినవా?"

"చూసిన."

"దక్షిణానికి ఒక్క చుక్కన్న పడ్డదా?"

"పడలే."

నమ్మలేదు. మోకాళ్లు పట్టుకొని మెట్లన్నీ ఎక్కి వంటింట్లోకి వచ్చింది. వెనకే మేం ముగ్గురం. గట్టు మీద ఎండిన పాల చార వెంట వేలు పెట్టి, అది ఎటు పోయిందో చివరిదాకా చూసింది. కిటికీ చూసి తూర్పు ఎటో సరిచూసుకొంది. ఆ తర్వాత నేలమీద కూర్చొని, ఒళ్లంతా ఊగేలా నవ్వడం మొదలుపెట్టింది.

"బతికిన! ఎల్లమ్మ తల్లీ, బతికిన!"

మాకు అర్థం కాలేదు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకొని, పాఠం చెప్పినట్టు నాకు చెప్పింది.

"కింద ఇల్లు సొచ్చిననాడు పాలు నేనే పొంగిచ్చిన బిడ్డా. దక్షిణానికి పొంగినయి. గాడికెల్లి మొదలు. మా తమ్ముడు బస్సుల కెల్లి పడి కాలు ఇరగ్గొట్టుకుంటే నా పాలు. బోరుల నీళ్లు రాకుంటే నా పాలు. పిలగాడు ఇంటర్ తప్పితే నా పాలు. బర్రె సూడి నిలవకుంటే గూడ నా పాలేనాయె!"

"నేనెన్నడన్న నీ మొఖం మీద అన్ననా వదినె?"

"మొఖం మీద అంటే జవాబు చెప్తుంటి గద! గల్లీ అందరికి చెప్తివి. శ్రావణం వస్తున్నదంటే నాకు నిద్ర పడ్తలేదు. మళ్ల దక్షిణానికి పొంగితే నా బతుకేం గావాలె? వద్దందామంటే, ఆడబిడ్డ అలిగిందంటరు."

పెద్దనాయిన గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఆయన భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

సరిగ్గా అప్పుడే కింద ట్రాలీ ఆగింది. మా బాపు తువ్వాల చేతిలో పట్టుకొని మెట్ల దగ్గర నిలబడ్డాడు. "దండాలమ్మా. పిల్ల ఇంట్లనే పెరిగింది, లోకం తెలువది. కోపం పెట్టుకోకున్రి. సామాను తీసుకపోత."

"ఎవలు నువ్వు?" అన్నది అత్తమ్మ పైనుంచే.

"పిల్ల బాపును."

"ఏమయ్యా, పాలు పొంగిచ్చిన ఆడపిల్లను దీపం పెట్టే యాళ్ల ఇల్లు దాటిస్తరా ఎవలన్న? ఇల్లు సొచ్చినంక మూడొద్దులు దీపం ఆరొద్దని తెలువదా?" ఇంటామె వైపు తిరిగింది. "ఇగో మరదలా, తూర్పుకు పొంగిచ్చింది. నా తర్వాత ఈ ఇంటికి ఆడబిడ్డ గిదే. దీన్ని ఎల్లగొట్టినవనుకో, రేపు మోటరు కాలితే ఎవల పేరు చెప్పుకుంటవ్? నా పేరు మాత్రం చెప్పనియ్య."

ఇంటామె నిజంగానే ఆలోచనలో పడింది. అన్ని మాటల్లోకీ ఆ ఒక్క మాటే ఆమెకు బలంగా తగిలినట్టుంది. నన్ను కిందినుంచి పైదాకా చూసింది. మోటారుకు సరిపోతానా లేదా అని కొలిచినట్టు చూసింది.

"ఉండనీ," అన్నది చివరికి. "గని కిరాయి కిరాయే."

"ఆడబిడ్డ దగ్గర కిరాయి తీసుకుంటవానే?" అన్నాడు పెద్దనాయిన.

"తీసుకుంట. ఆడబిడ్డయితే కరెంటు ఊకె వస్తదా? గని పెంచ. అంతే."

బాపు మెట్ల మీదే కూర్చొని మిగిలిన పరమాన్నం తిన్నాడు. ఖాళీ ట్రాలీ ఎక్కబోతూ నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించి అడిగాడు. "తూర్పుకే పొంగినయా బిడ్డా?"

"అవును బాపు."

"మరి ముందటి మూడు గదులల్ల ఎటు పొంగినయి?"

"చూడలే."

"అగో!" అన్నాడు. అంతా తేలిపోయినట్టు తల ఊపి, ట్రాలీ ఎక్కాడు. ఆ తర్వాత ఇంట్లో కూర్చొని రాసుకొమ్మని ఎప్పుడూ అనలేదు.

శ్రావణంలో చుట్టాలను పిలిచి వ్రతం చేసుకొన్నారు కానీ పాలు మళ్లీ పొంగించలేదు. తూర్పుకు పొంగిన పాలను ఎవరు కదిలిస్తారు? పట్టుచీర మాత్రం అత్తమ్మే తీసుకొంది. "పాలు నువ్వు పొంగిచ్చినవు, భయం నేను పడ్డ. చీర భయానికి," అన్నది. నాకు పసుపు కుంకుమలు, రవికె గుడ్డ పెట్టి, నేను వంగి కాళ్లు మొక్కబోతే లేపి దగ్గరకు తీసుకొంది.

ఆ గదిలోనే నా డిగ్రీ అయింది, బీఈడీ అయింది. కిరాయి పెరగలేదు. ఆడబిడ్డగిరీ మాత్రం పూర్తిగా నా మీద పడింది. మోటారు కాలితే కిందనుంచి కేక వచ్చేది. "పిల్లా! నీ పాలు!" కోతులు ట్యాంకు మూత ఎత్తుకుపోతే నా పాలు. పెద్దనాయినకు షుగర్ పెరిగితే నా పాలు; అది కొంత నిజం కూడా, పరమాన్నం అడిగినప్పుడల్లా పెట్టింది నేనే. వాళ్ల కొడుక్కి మంచి ఉద్యోగం వచ్చినప్పుడు మాత్రం అది ఇంటామె శనివారం ఒక్కపొద్దుల ఫలితం. అత్తమ్మ వచ్చినప్పుడల్లా నా తల నిమిరి, "ఎట్లున్నది బిడ్డా, మోస్తున్నవా?" అని అడిగేది. ఏళ్ల తరబడి మోసిన మనిషి, బరువు తెలుసు.

ఇప్పుడు నేను వేరే ఊళ్లో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. మొన్న ఆదివారం పొద్దున ఫోన్ మోగింది.

"ట్యాంకు పలిగింది. ఇల్లంతా నీళ్లు. నీ పాలు!"

"తప్పయింది పెద్దమ్మా," అన్నాను అలవాటుగా.

"తప్పు గిప్పు తర్వాత. బతుకమ్మకు వస్తున్నవా లేదా? చీర తెచ్చి పెట్టిన. మళ్ల మా వదినె చూసిందంటే అది గూడ కట్టుకపోతది. జల్ది రా."

ఆ సాయంత్రం దీపం ముందు కూర్చొని, పగిలిన ట్యాంకును కూడా కలిపి దండం పెట్టుకొన్నాను.